ఆకుకూర వేపుడుకి మూత పెట్టాలా వద్దా, ఉప్పు ముందా ఆఖర్నా?

రెండు కట్టల తోటకూర తెచ్చి, ఓపిగ్గా ఒలిచి, కడిగి, తరిగి బాండీలో వేస్తే ముందు బాండీ పట్టదు, ఐదు నిమిషాలకి చూస్తే అడుగున గుప్పెడు మిగుల్తుంది, ఆ గుప్పెడు కూడా పొడిపొడిగా ఉండకుండా నీళ్ళలో ఉడికిన ముద్దలా ఉంటుంది. చాలామంది ఇళ్ళల్లో జరిగేదే ఇది. ఎందుకిలా అని అడిగామా, ఒక్కొక్కళ్ళు ఒక్కోటి చెప్తారు. అమ్మ మూత పెట్టొద్దంటుంది, అత్తయ్యగారు మూత పెట్టకపోతే ఆకు మగ్గదంటారు, యూట్యూబ్‌లో ఒకాయన ఉప్పు ముందే వేసేయమంటాడు, ఇంకొకావిడ ఉప్పు దించే ముందే వేయాలని ఒట్టేసి మరీ చెప్తుంది, పక్కింటి పిన్నిగారేమో ముందు ఉడికించి ఆ నీళ్ళు పారబోయమంటారు, అలా చేస్తే సత్తువంతా సింకులోకి పోతుందని ఇంకెవరో అంటారు.

నాకర్థమైనంతవరకు వీళ్ళలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. కాకపోతే ఒక్కొక్కళ్ళు ఒక్కో ఆకుని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు. మునగాకు గురించి చెప్పిన మాట పాలకూరకి పెడితే కూర పాడవుతుంది, తోటకూర పద్ధతిలో గోంగూర చేద్దామంటే కుదరదు. అన్నిటినీ కలిపి ఆకుకూరలు అని ఒకటే పేరు పెట్టేశాం కానీ బాండీలోకి వెళ్ళాక ఒక్కోదాని గోల ఒక్కోటి. అన్నిటికీ ఉన్న కామన్ గోల మాత్రం నీళ్ళు, అందుకే అక్కడ్నుంచే మొదలెడదాం.

పాలకూరలో నూటికి 90 పాళ్ళు నీళ్ళే. మెంతికూరలో 86, 87 దాకా ఉంటాయి, మునగాకులో మాత్రం ముప్పావు వంతే. అంటే 250 గ్రాముల పాలకూర బాండీలో వేశామంటే దాదాపు 225 గ్రాముల నీళ్ళు, ఒక పెద్ద గ్లాసుడు పోసినట్టే లెక్క, ఇంక కడిగినప్పుడు అంటుకున్న తడి దీనికి అదనం. పచ్చిగా ఉన్నంతసేపు ఆ నీళ్ళు ఆకు కణాల లోపలే బందోబస్తుగా ఉంటాయి. వేడి 60 డిగ్రీలు దాటేసరికి కణాల చుట్టూ ఉండే పొర చెడిపోయి లోపలి నీళ్ళన్నీ బయటికొచ్చేస్తాయి, ఆకు గాలి తీసిన బెలూన్‌లా కూలిపోతుంది. గుప్పెడు మిగిలిందని బాధపడేది అందుకే, అది మీ వంట తప్పు కాదు.

మరి ఆ నీళ్ళు పోయేదెలా? నీళ్ళు మరిగించడం తేలికే, ఇంకించడమే అసలు కష్టం. ఒక గ్రాము నీళ్ళని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి తేవడానికి 70 కేలరీలు చాలు (ఫిజిక్స్ పుస్తకంలో కేలరీలు, డైటింగ్ కేలరీలు కాదు), అదే గ్రాముని ఆవిరి చేయాలంటే ఇంకో 540 కేలరీలు కావాలి. లెక్కేస్తే మామూలు ఇంటి స్టవ్‌లో పెద్ద బర్నర్ ఫుల్లుగా పెట్టినా 150 గ్రాముల నీళ్ళు ఇంకడానికి సుమారు 5 నిమిషాలు పడుతుంది, సిమ్‌లో పెట్టామా పావుగంట పైమాటే. ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది, బాండీలో నీళ్ళు ఉన్నంతసేపు ఆకు వేడి 100 డిగ్రీలు దాటదు, వేపుడికి ఆ కమ్మటి వాసన, అంచుల్లో ఆ రంగు రావాలంటే 140 దాకా వెళ్ళాలి. కాబట్టి నీళ్ళు ఇంకేదాకా మనం చేసేది వేపుడు కాదు, ఉడకబెట్టడమే, నూనె ఎంత పోసినా అంతే. పైగా ఆ ఉడికే టైం ఎంత పెరిగితే ఆకు అంత ముద్దవుతుంది.

ఇది తెలిస్తే సగం సలహాలు వాటంతట అవే సర్దుకుంటాయి. వెడల్పాటి బాండీ ఎందుకంటే ఆవిరి పోయే జాగా కోసం. పెద్ద మంట ఎందుకంటే పైన చెప్పిన 540 కేలరీల కోసం. మూత వద్దనేది ఎందుకంటే, పైకి వెళ్ళిన ఆవిరి మూతకి తగిలి మళ్ళీ నీళ్ళై కూరలోనే పడుతుంది, అలాంటప్పుడు ఇంకించిన కష్టమంతా వృథా. అంతా ఒకేసారి కుక్కకుండా రెండు మూడు విడతలుగా వేయమనేది కూడా దీనికే.

కడగడం దగ్గర చాలామంది తొందరపడతారు. పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి ఆకు ముంచి కదిలించి ఓ నిమిషం వదిలేస్తే ఇసక అడుక్కి దిగుతుంది, అప్పుడు ఆకుని చేత్తో పైకి తీసేయాలి, గిన్నె వంపకూడదు, వంపితే అడుక్కి దిగిన ఇసకంతా మళ్ళీ ఆకు మీదే పడుతుంది. నీళ్ళు తేటగా వచ్చేదాకా ఇలా చేయాల్సిందే. కడిగాకే తరగాలి, తరిగి కడిగితే కోసిన అంచుల్లోంచి విటమిన్ సి, ఫోలేట్ లాంటివి నీళ్ళలోకి పోతాయి. తర్వాత పాత కాటన్ చీర ముక్క మీదో పంచె మీదో పరిచి ఫ్యాన్ కింద ఓ అరగంట వదిలేస్తే చాలు. పదినిమిషాల్లో ఐపోయే కూర అని చెప్పేవాళ్ళెవరూ ఈ అరగంట లెక్క చెప్పరు. మురుగునీటితో పండించిన ఆకుకూరల భయం కూడా ఉంది, మూసీ కింద పండే ఆకుకూరల మీద హైదరాబాద్‌లో ఎప్పట్నుంచో నడుస్తున్న గొడవే ఇది. కడగడం వల్ల మట్టి, పైపైన ఉన్న పురుగుమందు కొంత పోతాయి, ఉడికితే క్రిములు చస్తాయి, ఆకు లోపలికి పీల్చుకున్న సీసం లాంటి లోహాలు మాత్రం ఏం చేసినా పోవు, అందుకని ఎక్కడి కూరో అడిగి కొనడం తప్ప వంటింట్లో దానికి మందు లేదు.

ఇప్పుడు ఉప్పు సంగతి. ఉప్పు తగిలితే ఆకులోంచి నీళ్ళు త్వరగా బయటికి లాగుతుంది, ఇందులో అనుమానం లేదు. మంట బాగా పెద్దది, బాండీ వెడల్పు, ఆకు తక్కువ అయితే ముందే వేసినా పర్లేదు, వచ్చిన నీళ్ళు వచ్చినట్టే ఇంకిపోతాయి. మన ఇళ్ళల్లో మంటకి, మనం వేసే పరిమాణానికి మాత్రం ఆఖర్న వేయడమే నయం. దీనికి నీళ్ళకంటే పెద్ద కారణం ఇంకోటుంది, బాండీ నిండా ఉన్న పచ్చి ఆకుని చూసి వేసిన ఉప్పు అది గుప్పెడయ్యాక ఉప్పు కషాయమే. పాలకూరలో, తోటకూరలో సహజంగానే కాస్త ఉప్పదనం ఉంటుంది కూడా. దగ్గర పడ్డాక చూసి వేస్కోండి, తక్కువైతే ఇంకాస్త వేయొచ్చు, ఎక్కువైతే తీయలేం.

అసలు వేపుడు, తోటకూరతో చెప్తాను, ఎందుకంటే ఇది పెద్దగా పేచీ పెట్టని ఆకు. ఒలిచాక 300 గ్రాములు ఉందనుకోండి, రెండు పెద్ద చెంచాల పల్లీ నూనె, చెంచా ఆవాలు, చెంచా మినప్పప్పు, అరచెంచా జీలకర్ర, మూడు ఎండుమిర్చి, కరివేపాకు. లేత కాడలు సన్నగా తరిగి వేరుగా పెట్టుకోవాలి, ముదురు కాడలు పులుసులోకి దాచుకోండి, వేపుడులో వేస్తే నారే నములుతాం. తాలింపులో వరస మారితే రుచి మారుతుంది. ఆవాలు చిటపటమనేది లోపలున్న కాస్త తడి ఆవిరై పగిలినప్పుడు, దానికి నూనె బాగా కాగాలి, చల్లటి నూనెలో వేస్తే పగలకుండానే మాడి చేదెక్కుతాయి. అవి సగం చిటపటలాడాక మినప్పప్పు, అది రంగు తిరుగుతుండగా జీలకర్ర, మిర్చి, ఎందుకంటే ఈ రెండూ చిటికెలో మాడిపోతాయి. అప్పుడు కాడలు వేసి రెండు నిమిషాలు, తర్వాత ఆకు గుప్పెళ్ళుగా. మంట తగ్గించొద్దు, అడుగు నుంచి పైకి తిప్పుతూ ఉండాలి. మొదట్లో నీళ్ళు ఊరి సలసలమని చప్పుడొస్తుంది, కాసేపటికి ఆ చప్పుడు మారి నూనెలో వేగే చిరచిర వినిపిస్తుంది, నీళ్ళు పోయాయని చెప్పేది ఆ చప్పుడే, గడియారం చూడక్కర్లేదు.

కారం ఎప్పుడు వేయాలన్నది వెల్లుల్లి మీద ఆధారపడి ఉంటుంది. వెల్లుల్లి దంచగానే వచ్చే ఆ ఘాటు లోపలి ఎంజైమ్ పని, నలిగినప్పుడే పుడుతుంది, వేడి తగిలితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. అందుకే తాలింపులో వేసిన వెల్లుల్లి తియ్యగా కమ్మగా ఉంటుంది, ఆఖర్న దంచి వేసిన వెల్లుల్లి ముక్కుకి తగుల్తుంది. రెండూ కావాలి నాకైతే. నాలుగు రెబ్బలు చితక్కొట్టి తాలింపులో, ఇంకో ఆరు రెబ్బలు చెంచా జీలకర్ర, చెంచాన్నర కారం, ఉప్పుతో కచ్చాపచ్చాగా దంచి నీళ్ళు ఇంకాక వేసి రెండు నిమిషాలు తిప్పి దించేయడం. ఈ ఉప్పే కూరకీ సరిపోతుంది. వెల్లుల్లి తినని ఇళ్ళల్లో, కార్తీకమాసంలోనూ ఇంగువ వేస్తారు, దాని వాసన కూడా గంధకం ఉన్న పదార్థాల నుంచే వస్తుంది కాబట్టి ఆ లోటు చాలావరకు తీరుతుంది.

పొడుల గురించి చెప్పకపోతే సగం కథే. తెలంగాణ వైపు పల్లీల పొడి, నువ్వుల పొడి, కోస్తాలో కొబ్బరి కారం, ఎక్కడైనా పుట్నాల పొడి, ఇవన్నీ రుచికే అనుకుంటాం కానీ మిగిలిన కాస్త తడిని పీల్చేసుకుని కూరని పొడిపొడిగా చేసేది ఇవే. గుప్పెడు పెసరపప్పు అరగంట నానబెట్టి ఆకుతో పాటు వేసేది కూడా ఇలాంటి తెలివే, ఆకు వదిలిన నీళ్ళని పప్పు తాగి ఉడుకుతుంది, వేరే నీళ్ళు పోయక్కర్లేదు, పప్పు వేళ్ళ మధ్య నొక్కితే నలగాలి కానీ కూరలో పలుకు పలుకుగా కనబడాలి. ఎంత నీళ్ళగా వచ్చినా ఈ పొడికూర మాత్రం చెడదు, కొత్తగా వంట నేర్చుకునేవాళ్ళకి నేనైతే వేపుడుకంటే ముందు ఇదే చేయమంటాను.

ఇప్పుడు పేచీకోరు ఆకుల దగ్గరికొద్దాం. బచ్చలికి జిగురు. తరిగిన చోటల్లా జిగురు ఊరుతుంది కాబట్టి మరీ సన్నగా తరక్కూడదు, తడి అస్సలు ఉండకూడదు, కాస్త చింతపండు పులుసు తగిలితే ఆ జిగురు విరుగుతుంది, అందుకే బచ్చలికి వేపుడుకంటే పులుసు, కంద బచ్చలి లాంటివే పేరు. మెంతికూరకి చేదు. ఉప్పు చల్లి పిండేస్తే చేదు పోతుంది నిజమే, దాంతోపాటు నీళ్ళలో కరిగేవన్నీ పోతాయి. అంతకంటే ఉల్లిపాయతో కలిపి నూనెలో ఇంకొంచెంసేపు వేయించి చిన్న బెల్లం ముక్క వేస్తే మేలు, కాస్త చేదు ఉంటేనే అది మెంతికూర అనిపిస్తుంది ఎలాగూ.

మునగాకు దగ్గర లెక్క మొత్తం తిరగబడుతుంది. దాంట్లో నీళ్ళు తక్కువ, ఆకు గట్టి, కాబట్టి మూత లేకుండా పెద్ద మంట మీద వేయిస్తే ఉడక్కుండానే ఎండిపోయి గడ్డి నమిలినట్టుంటుంది. దీనికి నీళ్ళు చిలకరించి, మూత పెట్టి, చిన్న మంట మీద మగ్గనివ్వాలి, మెత్తబడ్డాక మూత తీసి వేయించాలి. ఆషాఢంలో మునగాకు తినాలని పెట్టిన అత్తయ్యగారు మూత పెట్టమన్నారంటే ఆవిడ కరెక్టే. గుమ్మడాకు కూడా ఇదే దారి.

గంగవాయిలి కూర, కొన్ని చోట్ల గంగపాయల కూర అంటారు, దీనిది ఇంకో చిత్రం. ఎండకి తట్టుకోవడానికి ఈ మొక్క నీళ్ళు తక్కువైనప్పుడు రాత్రిపూట గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చి దాన్ని మాలిక్ ఆమ్లంగా దాచుకుని పగలు వాడుకుంటుంది. అందుకే పొద్దున్నే కోసిన కూర పుల్లగా, సాయంత్రం కోసింది చప్పగా ఉంటుంది. ఒకే మడిలో కూరకి ఒకరోజు చింతపండు ఎక్కువైందనిపించి ఇంకోరోజు తక్కువైందనిపిస్తే నెపం చింతపండు మీదకి తోసేయకండి.

రంగు విషయంలో గోంగూరని చూస్తే అంతా అర్థమైపోతుంది. బాండీలో వేసిన నిమిషంలో పచ్చరంగు పోయి ఖాకీ రంగొస్తుంది కదా, అదే జరుగుతుంది మిగతా ఆకుల్లోనూ, కాకపోతే నిదానంగా. ఆకుపచ్చకి కారణమైన క్లోరోఫిల్ నడుమ ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది, ఆమ్లం, వేడి రెండూ తగిలితే అది ఊడిపోయి ఆ జాగాలో హైడ్రోజన్ చేరుతుంది, రంగు బురద పచ్చకి మారుతుంది. గోంగూరకి, చుక్కకూరకి పులుపు ఒంట్లోనే ఉంది కాబట్టి వాటిని ఎవరూ ఆపలేరు, ఆపక్కర్లేదు కూడా. తోటకూర, పాలకూరల్లో పులుపు తక్కువ, ఉన్న ఆమ్లాల్లో కొన్ని ఆవిరితో పాటు బయటికి పోతాయి, మూత పెడితే పోకుండా లోపలే ఉండిపోతాయి, మూత వద్దనడానికి ఇది రెండో కారణం. త్వరగా దించితే రంగు మిగుల్తుంది, నిమ్మరసం పొయ్యి మీద ఉండగా పిండితే పోతుంది. కొంతమంది చిటికెడు వంటసోడా వేస్తారు, పచ్చగా మెరుస్తుంది కానీ ఆకు గుజ్జైపోతుంది, విటమిన్ సి, బి1 పాడైపోతాయి, పెళ్ళి భోజనాల్లో మరీ చిలకపచ్చగా ఉన్న కూర కనిపిస్తే నాకు ముందు ఈ సోడానే గుర్తొస్తుంది. ఎర్ర తోటకూర రంగు క్లోరోఫిల్‌ది కాదు, బీట్‌రూట్‌లో ఉండే జాతి రంగు, నీళ్ళలో కరిగిపోతుంది, అందుకే అన్నం గులాబీ రంగుకి తిరుగుతుంది, పిల్లలు ఆ రంగు కోసమైనా తింటారు.

ఇంక ఆరోగ్యం సంగతి, ఇక్కడ వినిపించే మాటలకి అంతే లేదు. పాలకూర, టమాటా కలిపి తింటే కిడ్నీలో రాళ్ళొస్తాయనేది బాగా తిరిగే మాట. రాళ్ళలో ఎక్కువభాగం కాల్షియం ఆక్సలేట్‌వే, పాలకూరలో, తోటకూరలో ఆక్సలేట్లు ఎక్కువ, అంతవరకు నిజం. టమాటాలో మాత్రం అవి చాలా తక్కువ, పాపం దాన్ని ఊరికే ఇరికించారు. పక్కింటి పిన్నిగారు ఉడికించి నీళ్ళు పారబోయమన్నది ఇందుకే అయితే ఆవిడ మాటలో పస ఉంది, నీళ్ళలో కరిగే ఆక్సలేట్లు అలా చాలావరకు పోతాయి, వేపుడులో పోవు. అలాగని రాళ్ళ బాధ లేనివాళ్ళందరూ సత్తువ పారబోసుకోనక్కర్లేదు, కూరన్నం తర్వాత పెరుగన్నం తింటే పెరుగులో కాల్షియం పొట్టలోనే కొంత ఆక్సలేట్‌ని పట్టేసుకుంటుంది. రాళ్ళు వచ్చినవాళ్ళు మాత్రం డాక్టర్ ఎంత తినమంటే అంతే.

ఐరన్ కోసం తింటున్నామనేవాళ్ళు ఒకటి చూస్కోవాలి, ఆకుల్లో ఐరన్ ఒంటికి పట్టడం కష్టం, మాంసంలో ఐరన్‌లా కాదు. విటమిన్ సి తోడైతే బాగా పడుతుంది, అందుకని దించాక కంచంలో నాలుగు చుక్కల నిమ్మరసం, రంగు గొడవ కూడా ఉండదు. తిన్న వెంటనే టీ తాగితే అంతా తలకిందులే. ఇనుప మూకుడులో వండితే కాస్త ఇనుము కూరలోకి దిగుతుంది, మంచిదే, గోంగూర లాంటి పుల్లటివి మాత్రం నల్లబడి లోహం రుచి పట్టేస్తాయి. నూనె అసలు లేకుండా చేద్దామనే ఫిట్‌నెస్ బ్యాచ్‌కి ఒక్క మాట, ఆకుల్లోని బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఏగా మారేది) ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి, ఒకట్రెండు చెంచాల నూనె ఊరికే పోదు.

విదేశాల్లో ఉండేవాళ్ళకి తోటకూర ఇండియన్ స్టోర్‌లో దొరక్కపోతే చైనీస్ స్టోర్‌లో యిన్ చోయ్ అని అడగండి, అది తోటకూర జాతే. డబ్బాల్లో వచ్చే బేబీ స్పినాచ్‌కి ఒంట్లో నీళ్ళు తప్ప ఏం ఉండవు, బాగా వేడెక్కిన బాండీలో ఒక్క నిమిషం తిప్పి దించేయాలి, లేకపోతే మాయమైపోతుంది. కేల్‌ది కూడా మునగాకు దారే, నీళ్ళు చిలకరించి మూత పెట్టాల్సిందే, మధ్య ఈనె తీసేయాలి. ఫ్రోజెన్ పాలకూర అయితే గడ్డకట్టినప్పుడే మంచు ముక్కలు కణాలన్నిటినీ చీల్చేసి ఉంటాయి, కరిగించి గుడ్డలో వేసి గట్టిగా పిండి అప్పుడు బాండీలో వేస్తే వేపుడు కాకపోయినా పుట్నాల పొడితో మంచి పొడికూరే అవుతుంది.

మిగిలిన కూరని సాయంత్రం దాకా బాండీలోనే వదిలేయడం మాత్రం మానుకోవాలి. ఆకుకూరల్లో నైట్రేట్లు ఉంటాయి, వండాక గది వేడిలో గంటల తరబడి ఉంచితే బాక్టీరియా పెరిగి వాటిని నైట్రైట్లుగా మారుస్తుంది, చిన్నపిల్లలకి అది మంచిది కాదు. వేడి తగ్గగానే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి, మర్నాడు పొద్దున్నకల్లా ఖాళీ చేసేయాలి, రెండు గుడ్లు కొట్టి పోసి పొరటులా చేసేస్తే చపాతీలోకి సరిపోతుంది, వెల్లుల్లి కారం ఎలాగూ ముందే ఉంది కాబట్టి కాస్త ఉప్పు చూస్కుంటే చాలు.